తెల్లారని చోట పరగడుపు లెక్క

నలభై ఒకటో ఏడు, 112వ రోజు

నాకు షుగర్ వచ్చిందట. కంపౌండర్ రాజేశం నిన్న చెప్పాడు. చెప్పి, తానే ఏదో తప్పు చేసినట్టు తల దించుకున్నాడు. రోజుకు రెండుసార్లు వేలు గుచ్చుకుని, ఎంత వచ్చిందో, అంతకుముందు ఏం తిన్నానో రాసి పెట్టమన్నాడు. జొన్నల తూకం పుస్తకంలో వెనక కాగితాలు ఖాళీగా ఉన్నాయి, అందులో రాస్తున్నాను.

పరగడుపున 187. జొన్న గట్క తిన్న రెండు గంటలకు 243.

రాజేశం లెక్క ప్రకారం మొదటిది వంద దగ్గర ఉండాలి, రెండోది నూట నలభై దాటకూడదు. నాకు యాభై నాలుగేళ్లు. మూడు నెలలుగా ఒకటే దాహం. నా వాటా నీళ్లు చాలక, దీపాల వెలుగులో జొన్న పండించే మడులకు పెట్టే నీళ్లు ఎవరూ చూడకుండా రెండు గుక్కలు తాగాను కూడా. రాసేశాను కాబట్టి ఒప్పుకున్నట్టే.

వేలు గుచ్చడం నాకు కొత్త కాదు. భూమి అడుగున ఈ తొమ్మిదో నంబరు బొగ్గు బాయిలో నాలుగు వందల పన్నెండు మంది తలదాచుకున్నాం. వాళ్లలో నేను గుచ్చని వేలు లేదు, నాది తప్ప. నెలకోసారి అందరూ నిద్ర లేచి, ఏమీ తినకుండా నా ముందు వరసలో నిలబడతారు. ఎవరికైనా 160 దాటితే, నిద్ర వేళలో గోదాం జొన్నలు దొంగిలించి తిన్నట్టు లెక్క. మేం కిందికి దిగిన ముప్పై ఏడో ఏట కరువులో మొదలైంది ఈ పరీక్ష. ఆలోచన నాదే. బాయిని నడిపే కమిటీ నన్ను తెగ మెచ్చుకుంది. గుచ్చే మనిషిని కూడా గుచ్చాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

115వ రోజు

పడుకునే ముందు 138. లేచాక 179.

ఇదేం లెక్క? పడుకున్నది నేనే, లేచింది నేనే, మధ్యలో నోట్లో గింజ పడలేదు. నలభై పైచిలుకు ఎక్కణ్ణుంచి వచ్చింది? తూకంలో నలభై గింజలు తేడా వచ్చినా నేను ఊరుకునే మనిషిని కాను. రాజేశాన్ని అడిగితే తల గోక్కున్నాడు. వాడికి ముప్పై ఏళ్లు. పాత కంపౌండర్ పోయాక రెండేళ్ల కిందట ఈ పని నెత్తిన పడింది. ఉన్నది ఒక్క పుస్తకం, అందులో సగం కాగితాలను చెదలు తినేశాయి.

117వ రోజు

తిన్నాక 302. రాజేశం దగ్గరికి పరుగెత్తాను. వాడు నా చెయ్యి పట్టుకుని వాసన చూశాడు.

"గడ్డలు కోసినవా అక్కా?"

"కోసిన. వంటశాలల చిలగడదుంపలు వచ్చినయి గదా."

"చెయ్యి కడుక్కున్నవా?"

కడుక్కోలేదు. నీళ్ల వాటా మిగలక బట్టకు తుడుచుకున్నాను. కడుక్కుని మళ్లీ గుచ్చుకుంటే 171. దుంప పాలు వేలికి అంటుకుని, ఆ తీపి కూడా నా నెత్తురు లెక్కలో పడింది. నాలుగేళ్లుగా నెలకు నాలుగు వందల వేళ్లు గుచ్చుతున్నాను, ఒక్కరినైనా చెయ్యి కడుక్కుని రమ్మన్నానా? అనలేదు. మీటర్లో పెట్టే స్ట్రిప్పులు మూడో నంబరు బాయి వాళ్లు తయారు చేసి, మన బొగ్గు తీసుకుని ఏటా ఒక పెట్టె పంపుతారు. వాళ్లు పంపిన కాగితం మీద చెయ్యి కడుక్కోమనే రాసి ఉందట. నేను చదివింది అంకెల వరకే.

120వ రోజు

నిద్రలో నడిచి వెళ్లి తింటున్నానేమో అని నా మీద నాకే అనుమానం వచ్చింది. నవ్వకండి. గోదాం తాళం చెవి నడుముకు కట్టుకుని పడుకునే మనిషికి ఆ అనుమానం రావడంలో వింత లేదు. నిన్న తాళం చెవి రాజేశానికి ఇచ్చేశాను. చీర కొంగు మంచం కోడుకు మూడు ముళ్లు వేసి పడుకున్నాను. లేచేసరికి ముళ్లు అలాగే ఉన్నాయి.

పడుకునే ముందు 141. లేచాక 183.

రాజేశం పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. ఏదో దొరికినట్టు మొహం వెలిగిపోతోంది.

"అక్కా, తినకున్న పెరుగుతదట. మన లోపట లివర్, అదే కార్జం, ఉంటది గదా, అది చక్కెర దాసిపెట్టుకుంటదట. తెల్లారేటాళ్లకు, మనిషి ఇగ లేవాలె గదా అని, ఇంత రక్తంలకు ఇడిసిపెడ్తదట. మంచిగున్నోళ్లకు అది ఆడికాడికి సరిపోతది. షుగర్ ఉన్నోళ్లకు గిట్ల ఎక్కుతది."

"ఈడ తెల్లారేదెక్కడరా?"

"నాకేం ఎరుక. నేను ఈడనే పుట్టిన."

నేను పదమూడేళ్ల వయసులో కిందికి దిగాను. పైన ఎండకు మనుషులు రాలిపోతుంటే మా నాన్న నన్ను భుజాన వేసుకుని ఈ వాలు దారిలో దించాడు. నలభై ఒక్క ఏళ్లయింది పొద్దు మొహం చూసి. ఇక్కడ రోజుకు మూడు సైరన్ కూతలు, మూడు షిఫ్టులు, అంతే. నా కార్జానికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. లేచే వేళ కాగానే పైన తెల్లారుతోందనుకుంటోంది పిచ్చిది. నవ్వొచ్చింది.

ఆ నవ్వు మధ్యలోనే గట్టయ్య గుర్తొచ్చాడు.

121వ రోజు

కొలవలేదు.

గట్టయ్య పంపుల దగ్గర పనిచేసేవాడు. నన్ను అక్కా అనేవాడు. ముప్పై ఎనిమిదో ఏట, నెల పరీక్షలో పరగడుపున 214. నేను అన్యాయం చేసే దాన్ని కాదు కదా, అందుకని మూడుసార్లు గుచ్చాను. 214, 219, 216.

"అక్కా, నీ మీద ఒట్టు. నేను తినలే."

"మీటర్ అబద్ధం చెప్పది తమ్మీ." ఆ మాట అన్నది నేనే.

షుగర్ జబ్బేమో చూడమని అప్పుడు ఎవరో అడిగారు కూడా. పాత కంపౌండర్ నవ్వాడు. అది మూడు పూటలా తిని కూర్చునే వాళ్ల రోగం, ఒక్క పూట గట్క తాగే మనకెక్కడిది అన్నాడు. అందరం తలలు ఊపాం. ఆకలితో ఉన్న వాళ్లకు తీపి రోగం రాదని అంత నమ్మకం మాకు. ఆ నమ్మకంలో కాస్త సంతోషం కూడా ఉంది.

దొంగకు శిక్ష ఒక్కటే, వాలు దారి ఎక్కించి పైకి పంపడం. ఎండాకాలం. పై తలుపు ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. తలుపు దాకా వెంట వెళ్లిన వాళ్లలో నేనూ ఉన్నాను. గట్టయ్య పోయే ముందు నీళ్లు అడిగాడు. ఆ రోజు వాటా అప్పటికే తాగేశాడు. ఇవ్వలేదు. ఆ నెలంతా వాడికి ఒకటే దాహమని అందరికీ తెలుసు, దొంగతిండి తింటే దాహం కాక ఏమవుతుందనుకున్నాం.

వాడు తినలేదు. నేను గట్టయ్యను చంపాను. వాడి పెళ్లాం లస్మవ్వ వంటశాలలో గట్క కలుపుతుంది. నాలుగో ఏడు నడుస్తోంది, నాతో మాట్లాడదు. గరిటెతో నా గిన్నెలో పోసేటప్పుడు కూడా మొహం చూడదు. ఆమెకు చెప్పాలి. కమిటీకి చెప్పాలి. రేపు చెబుతాను.

126వ రోజు

పరగడుపున 176. చెప్పలేదు.

129వ రోజు

పరగడుపున 181. చెప్పలేదు. చెబితే నన్నూ పైకి పంపుతారని భయం. దానికి ఇంకో పేరు పెట్టడం నాకు చేతకాదు.

131వ రోజు

నెల పరీక్ష. ఈసారి అందరినీ చెయ్యి కడుక్కుని రమ్మన్నాను. నీళ్లు దండగని గొణిగారు.

రెండు వందల మందికి పైగా అయ్యాక జమున వచ్చింది. గట్టయ్య కూతురు, పందొమ్మిదేళ్లు. పెదవులు ఎండి పగిలాయి. జబ్బల దగ్గర రవిక వేలాడుతోంది. వెనకే లస్మవ్వ నిలబడి ఉంది. గుచ్చాను. మీటర్లో 231.

నేను అంకె గట్టిగా చదవాలి, పక్కన కూర్చున్నవాడు రాసుకుంటాడు. అదీ పద్ధతి.

"నూట ముప్పై ఒకటి," అన్నాను.

నా జన్మలో తూకం తప్పు చెప్పడం ఇదే మొదలు. జమున వెళ్లిపోయింది. లస్మవ్వ వేలు చాపి నా మొహంలోకి చూసింది, నాలుగేళ్లలో మొదటిసారి. ఏం కనిపించిందో తెలియదు.

132వ రోజు

కమిటీ పెద్ద ఓదెలు పిలిపించాడు. ఓదెలు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఎంత బాగుండేది. తన సొంత తమ్ముడి వాటా కూడా గింజ లెక్కన తూయించే మనిషి.

బల్ల మీద మీటర్ ఉంది. పరీక్ష అయ్యాక దాచుకోవడానికి అడిగి తీసుకున్నాడు. మీటర్ పాత అంకెలన్నీ గుర్తుపెట్టుకుంటుందని నాకు తెలుసు. ఆయన తిప్పి చూస్తాడని తెలియదు.

"పొల్ల పెదవులు చూసి అనుమానమొచ్చింది సారక్కా. తండ్రివి గూడ గట్లనే ఉండె. నువ్వు చదివింది నూట ముప్పై ఒకటి. ఇండ్ల ఉన్నది రెండు వందల ముప్పై ఒకటి." మీటర్ మళ్లీ తిప్పాడు. "ఇగ ఈ మిగిలినయి ఎవరియి? నెల పొడుగున నూట ఎనభై, నూట డెబ్బై, రెండు వందల నలభై. ఎవరు తిన్నరు ఇన్ని జొన్నలు?"

"నావి."

ఓదెలు మొహం చూసి నాకే జాలేసింది. ఇరవై ఏళ్లుగా గోదాం తాళం చెవి నా నడుముకే ఉంది.

"తినలేదు ఓదెలన్నా. జబ్బు. జమునది గూడ జబ్బే. గట్టయ్యది గూడ." అంతా చెప్పాను. కార్జం సంగతి, తెల్లారడం సంగతి. ఆయన నమ్మలేదు. నేనైనా నమ్మేదాన్ని కాను. "మమ్ముల ఇద్దర్ని అందరి ముంగట కూసోబెట్టు. తిండి పెట్టకు. కన్ను తియ్యకుండ చూడు. నువ్వే గుచ్చు," అన్నాను.

134వ రోజు

దీపాల గదిలో రెండు మంచాలు వేశారు. చుట్టూ ఇరవై మంది కాపలా. రెండో కూతకు గట్క పెట్టారు, అప్పటి నుంచి నీళ్లు తప్ప ఏమీ లేదు. ఓదెలు తానే గుచ్చాడు, మొద్దు చెయ్యి.

పడుకునే ముందు నాది 144, జమునది 238.
లేచే వేళకు నాది 186, జమునది 281.

ఓదెలు మీటర్‌ను ఆ ఇరవై మందికీ వరసగా చూపించాడు. తర్వాత కమిటీ పుస్తకం తెప్పించి, ముప్పై ఎనిమిదో ఏటి కాగితం తీసి, గట్టయ్య పేరు పక్కన 'దొంగతనం' అన్న మాట కొట్టేశాడు.

జమున మంచం మీద నుంచే అడిగింది. "అత్తమ్మా, అంటే మా బాపు తినలేదా?"

"తినలేదు బిడ్డా."

"మా అవ్వ చెప్తనే ఉండె. నేనే నమ్మలే," అని తల్లిని తలుచుకుని ఏడ్చింది. పదిహేనేళ్ల పిల్ల అప్పుడు. తండ్రి దొంగ అని నేను చెబితే నమ్మింది. నాకు ఏడుపు కూడా రాలేదు, ఏడిచే హక్కు నాకెక్కడిది.

135వ రోజు

కమిటీ కూర్చుంది. జబ్బని తేలింది కాబట్టి శిక్ష లేదు. నాకు కాస్త ఊపిరి ఆడింది. అప్పుడు ఓదెలు రాజేశాన్ని అడిగాడు.

"మందుందా?"

"దీనికి గోలీలున్నయని పుస్తకంల ఉంది. మన దగ్గర లెవ్వు. ఇన్సులిన్ అని ఒకటి ఉంటది, అది గూడ లేదు."

"మరి తిన్నది ఏమైతది?"

రాజేశానికి అబద్ధం రాదు. "ఒంటికి పట్టదన్నా. చక్కెరంత ఉచ్చల పోతది."

ఆ ఒక్క మాటతో అయిపోయింది. నేను వాడి మొహం మీదే చూస్తున్నాను, వాడికి తానేం అన్నాడో ఆలస్యంగా అర్థమైంది. నాలుగు వందల పది మంది ఆకలితో ఉన్నచోట, తిన్నది ఒంటికి పట్టని ఇద్దరికి గింజలు పోయడం ఏ న్యాయమని ఒకరు లేచారు. ఇంకొకరు లేచారు. తిట్టలేదు, అరవలేదు. అందరూ లెక్కే మాట్లాడారు. ఇన్నేళ్లూ వాళ్లకు లెక్క నేర్పింది నేనే.

తీర్పు ఇది. వచ్చే నెల పరీక్ష, 161వ రోజు. పరగడుపున 130 లోపు వస్తే తిన్నది ఒంటికి పడుతున్నట్టు, ఉండవచ్చు. దాటితే పైకి. దొంగలుగా కాదు, గౌరవంగా పంపుతారట. అప్పటిదాకా సగం వాటా. రోజూ వాలు దారి సగం దాకా ఎక్కి దిగాలి, నడిస్తే తగ్గుతుందని పుస్తకంలో ఉంది. ఇద్దరికీ కలిపి ముప్పై స్ట్రిప్పులు ఇచ్చారు.

140వ రోజు

పరగడుపున నాది 168, జమునది 262.

ఇద్దరం కలిసి నడుస్తున్నాం. వాలు దారిలో పాత పట్టాలు తప్ప ఏమీ లేవు. నేను ముందు, తను వెనక. నాలుగు అడుగులకోసారి ఆగుతుంది. పైన ఎలా ఉండేదని అడుగుతుంది. చింతచెట్టు ఎలా ఉంటుందో చెప్పాను, మా బడి పక్కన ఉండేది. పులుపంటే తనకు తెలియదు. ఎంత చెప్పినా పులుపును మాటలతో చెప్పడం కుదరలేదు.

144వ రోజు

నాది 149. జమునది 270.

నేను తగ్గుతున్నాను. దాహం తగ్గింది. కాళ్ల మంట లేదు. ఒకే గట్క, ఒకే నడక, ఒకే మీటర్. తను మాత్రం చిక్కిపోతోంది. దొంగచాటుగా తింటున్నావా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఇంత జరిగాక కూడా నా నోటికి మొదట వచ్చేది ఆ ప్రశ్నే.

147వ రోజు

చెద తినగా మిగిలిన ఒక ముక్కలో రాజేశానికి కొత్త సంగతి దొరికింది. ఈసారి వాడి మొహం వెలగలేదు.

"అక్కా, ఇది రెండు తీర్లట. నీ అసొంటి వయసులొచ్చేది ఒకటి. తిండి తగ్గించి, నడిస్తే దిగుతది. చిన్న వయసులొచ్చేది ఇంకోటి. దానికి ఇన్సులిన్ ఒక్కటే మందు. కడుపు మాడ్సద్దట. మాడ్సితే ఒళ్లు కరిగి నెత్తురు ఇసమైతదట."

పన్నెండు రోజులుగా ఆ పిల్ల కడుపు మాడ్చాం. మొదట మీటర్‌ను నమ్మి తండ్రిని పంపాం, ఇప్పుడు పుస్తకాన్ని నమ్మి కూతుర్ని ఎండబెట్టాం. ఓదెలు దగ్గరికి వెళ్లి అరిచాను. ఆయన వెంటనే నిండు వాటా రాయించాడు. మూడో నంబరు బాయికి తీగ మీద కబురు కూడా పంపించాడు, ఇన్సులిన్ ఒక్క సీసా ఇస్తే ఏడాది బొగ్గంతా ఇస్తామని.

149వ రోజు

కబురు వచ్చింది. వాళ్ల దగ్గర లేదు. వాళ్లకు తెలిసిన ఏ బాయిలోనూ లేదు. స్ట్రిప్పులు చెయ్యడం నేర్చుకున్నారు కానీ మందు చెయ్యడం ఎవరికీ రాదట. ఎంత రోగమో చెప్పే వస్తువు ఉంది, తగ్గించే వస్తువు లేదు.

నాది 136. జమునది 318.

152వ రోజు

నాది కొలవడం మానేశాను, స్ట్రిప్పులన్నీ జమునకే. రాజేశం పుస్తకంలో ఏదో పద్ధతి వెతుకుతున్నాడు. తిన్నాక ఎంత, ముందు ఎంత, ఏ వేళకు ఎంత అని గీతలు గీశాం. నూకలు తగ్గించి పప్పు పెంచితే ముప్పై తగ్గింది, మర్నాడు నలభై పెరిగింది. మాకిద్దరికీ ఆ అంకెలు ఇప్పుడు బాగా అర్థమవుతున్నాయి. ఏ వేళకు ఎందుకు పెరిగిందో చెప్పగలం. చెప్పి ఏం చేస్తాం?

154వ రోజు

వంటశాల పని అయ్యాక లస్మవ్వ నా గదికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"నీది దిగిందట గదా."

"దిగింది."

"అయితే పరీక్ష దినం నీ నెత్తురు నా బిడ్డ పేరు మీద పెట్టు వదినె. ఆమెది నీ పేరు మీద పెట్టు. నువ్వు మీదికి పో."

తడుముకోకుండా "పెడ్త," అన్నాను. నిజంగానే అన్నాను, ఈ కాగితం మీద గొప్పకు రాసుకోవడం లేదు. చీకట్లో ఎలా మార్చాలో, ఓదెలు చూపు ఎటు తిప్పాలో కూడా ఆలోచించాను. లస్మవ్వ తల ఊపి, గోడకు ఆనుకుని కూర్చుంది.

అప్పుడు రాజేశం వచ్చి జమున దగ్గరికి రమ్మన్నాడు. తను ఊపిరి వేగంగా, లోతుగా తీస్తోంది, ఆ వాలు దారి మొత్తం పరుగెత్తి ఎక్కినట్టు. నోటి నుంచి బాగా మగ్గిన పండు వాసన వస్తోంది. గదిలో ఉన్న పిల్లలెవరికీ అది దేని వాసనో తెలియదు. పండ్లు తిన్న వయసు వాళ్లం మేమే మిగిలాం. లస్మవ్వ, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ వాసన వస్తే నెత్తురు విషమైనట్టేనని పుస్తకంలో రాసి ఉంది.

అంకెను మార్చవచ్చు. ఓదెలును, కమిటీని, నాలుగు వందల మందిని నా ఒక్క చుక్క నెత్తురుతో మోసం చెయ్యవచ్చు. ఆ పిల్ల ఒంటిని మోసం చెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు.

156వ రోజు

జమునకు నీళ్లు పట్టిస్తున్నాం. ఎంత అడిగితే అంత. నా వాటా, రాజేశం వాటా, ఓదెలు వాటా కూడా. ఓదెలు తన గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు. కక్కుకుంటోంది. మళ్లీ అడుగుతోంది.

ఒకసారి తెలివి వచ్చింది. "అత్తమ్మా, ఎంతుంది ఇప్పుడు?" అంది.

గుచ్చాను. మీటర్లో అంకె రాలేదు. కొలతకు అందనంత ఎక్కువైతే అంకెకు బదులు 'హై' అన్న మాట చూపిస్తుందట. ఇన్నేళ్లలో నేను చూడటం ఇదే మొదలు.

"నూట పదిహేను," అన్నాను.

"దిగింది అవ్వా," అని లస్మవ్వ వైపు చూసింది.

"దిగింది బిడ్డా," అంది లస్మవ్వ. ఆమెకు చదవడం వచ్చు. మీటర్ ఆమె వైపే ఉంది.

157వ రోజు

మొదటి కూతకు ముందే జమున పోయింది.

దహనానికి కింద గాలి చాలదు, అందుకని ఇక్కడ పోయిన వాళ్లను పాత తవ్వకం గదుల్లో బొగ్గు పొడి కింద పెడతాం. లస్మవ్వ ఎవరినీ ముట్టనివ్వలేదు. తనే పొడి పోసింది, పారతో కాదు, చేతులతో. నేను దూరంగా నిలబడ్డాను. దగ్గరికి రమ్మని అనలేదు, పొమ్మనీ అనలేదు. ఆ దుఃఖం నాదని చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది.

రెండు స్ట్రిప్పులు మిగిలాయి. ఓదెలుకు తిరిగి ఇచ్చేశాను.

160వ రోజు

మూడు రోజులుగా నడవలేదు. గట్క రెండింతలు తిందామనుకున్నాను, రేపు 130 దాటితే ఈ గొడవ వదిలిపోతుందని. గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాను. నా చావు కోసమైనా సరే ఎక్కువ తినలేకపోయాను.

161వ రోజు

నెల పరీక్ష. కొత్త నియమం, ముందు గుచ్చే మనిషిని గుచ్చాలి. ఓదెలు నా వేలు పట్టుకున్నాడు. అందరూ చూస్తున్నారు.

"నూట పద్దెనిమిది," అని చదివాడు. పుస్తకంలో నా పేరు పక్కన 'ఉండవచ్చు' అని రాయించాడు. వెనక ఎవరో సంతోషంగా నిట్టూర్చారు కూడా. మంచి వాళ్లు, నా మంచి కోరే వాళ్లు. ఓదెలు మీటర్ నా చేతిలో పెట్టాడు. వేరే ఎవరికైనా ఇవ్వమన్నాను. "ఇంత తెలిసినోళ్లు ఇంకెవరున్నరు సారక్కా? 160 దాటితే దొంగ అనే మాట ఇగ లేదు. 160 దాటితే జబ్బు అని రాయి," అన్నాడు.

"జబ్బని రాస్తే ఏం చేస్తరు?"

ఆయన పుస్తకం నా వైపు తిప్పాడు. 'దొంగతనం' అని ఉన్న గడి పైన కొట్టేసి 'జబ్బు' అని రాసి ఉంది. దాని పక్క గడిలో 'పైకి' అన్న మాట పాతదే, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

వరసలో మొదట లస్మవ్వ నిలబడి ఉంది. చేతులు కడుక్కుని వచ్చింది, గోళ్ల సందుల్లో బొగ్గు మాత్రం పోలేదు. ఉంగరపు వేలు చాపింది.

"జమున బాపుది ఏ ఏలు గుచ్చినవు?"

"ఇదే."

"పొల్లది?"

"ఇదే."

"గుచ్చు."

గుచ్చాను. 94. గట్టిగా చదివాను, పక్కవాడు రాసుకున్నాడు. ఆమె కదల్లేదు. వేలి మీద నెత్తురు చుక్కను తుడుచుకోకుండా నన్నే చూసింది.

"నీది నూట పద్దెనిమిది," అంది. "మంచిగున్నది. గట్లనే చూసుకో. గట్క తక్కువ తిను, రోజు నడు. నువ్వు మస్తు దినాలు బతకాలె వదినె. ఈ బాయిల అందరి కంటె ఎక్కువ బతకాలె."

అని వంటశాల వైపు వెళ్లిపోయింది. ఆమె వెనక నాలుగు వందల పైచిలుకు మంది ఉన్నారు. తర్వాతి మనిషి ముందుకొచ్చి వేలు చాపాడు. నేను కొత్త స్ట్రిప్పు తీశాను.